తపాలచెక్క తగవు

(మెట్ట నేల తిండి చరిత్ర: 9వ భాగం)

జొన్నరొట్టె కథ గత భాగంతో ముగిసింది. ఈ భాగంలో బియ్యప్పిండి పొయ్యెక్కుతుంది.

రామన్నపేటలో దీన్ని తపాలచెక్క అంటారు. ఉత్తరానికి పోయి జనగామ దాటితే సర్వపిండి. కరీంనగర్ దిక్కు కొన్ని ఇళ్లల్లో గిన్నప్ప, ఇంకొన్ని చోట్ల గంజుపిండి. తపాల, సర్వ, గిన్నె, గంజు అన్నీ వండే పాత్రలే. ఏ ఊళ్లో ఏ పాత్రలో ఒత్తారో ఆ పాత్ర పేరే తిండికి నిలిచింది. సరుకులు దాదాపు ఒకటే, చేసే తీరూ దాదాపు ఒకటే. అయినా ఒక ఊరివాళ్లు ఇంకో ఊరి చెక్కను మనస్ఫూర్తిగా మెచ్చుకోగా నేను వినలేదు. పెళ్లి సంబంధాలు జనగామ, మోత్కూరు, నకిరేకల్, భువనగిరి దాకా కలిసే చోటు కనుక రామన్నపేటలో ఈ తగవు వంటింట్లోనే నడుస్తుంది.

"ఏంది వదినా, ఇంత మందం ఒత్తితిరి? లోపల ఉడుకుతదా?"

"మీ దిక్కు గట్లనే అప్పడం లెక్క చేస్తరు. ఒకటి తింటే కడుపు నిండాలె గద మరి."

ఇద్దరిదీ నిజమే. పల్చగా ఒత్తితే కరకరలాడుతుంది, చల్లారినాక కూడా విరుగుతుంది. మందంగా ఒత్తితే అడుగు ఎర్రగా వేగి, పైన మెత్తగా ఉండి, పొద్దటి పూట తిండిగా సరిపోతుంది. తగవు మందంతో ఆగదు. ఉల్లిగడ్డ వేయాలా, ఉల్లాకు వేయాలా? పచ్చిమిర్చి నూరి కలపాలా, ఎర్రకారం చాలా? ఆనపుకాయ తురుము వేస్తే అది తపాలచెక్కేనా? శనగపప్పు నానబెట్టి వేయాలన్న దగ్గర మాత్రం అందరూ ఒక్కటవుతారు.

ఈ మధ్య పత్రికలు, హోటళ్లు దీనికి తెలంగాణ పిజ్జా అని పేరు పెట్టాయి. గుండ్రంగా ఉంటుంది, ముక్కలు చేసుకొని తింటారు కనుక ఆ పోలిక తట్టి ఉంటుంది. ఆకారం దాటి చూస్తే ఆ పోలికలో బలం లేదు. పిజ్జా గోధుమపిండితో, పులిసిన ముద్దతో, మండే బట్టీలో తయారయ్యేది. మనది పులియని బియ్యప్పిండి, సన్నటి సెగ, మూత పెట్టిన పాత్ర. కానీ పిజ్జా లోకంలో జరిగే తగవును దగ్గరగా చూస్తే మన తగవు మూలం దొరుకుతుంది. అందుకే కాసేపు నేపుల్స్ దాకా పోయి వద్దాం.

ఇటలీలోని నేపుల్స్ నగరం పిజ్జా తనదే అంటుంది. 1984లో అక్కడ అసలైన నేపుల్స్ పిజ్జా సంఘం ఏర్పడి నియమాలు రాసింది. 2010లో యూరోపియన్ యూనియన్ ఆ పద్ధతికి సంప్రదాయ గుర్తింపు ఇచ్చింది. నడుమ మందం 0.4 సెంటీమీటర్లు, అంచు 1 నుంచి 2 సెంటీమీటర్లు, అడ్డంగా కొలిస్తే 35 సెంటీమీటర్లు మించరాదు, కట్టెల బట్టీలో సుమారు 485 డిగ్రీల వేడిలో 60 నుంచి 90 సెకన్లలో కాలాలి. 2017లో యునెస్కో నేపుల్స్ పిజ్జా కార్మికుల నైపుణ్యాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

సముద్రం దాటిన పిజ్జా వేరే దారులు పట్టింది. న్యూయార్క్‌లో 1905లో లొంబార్డీ దుకాణం బొగ్గు బట్టీతో మొదలైంది. బొగ్గు వేడికి అంచులు మాడినట్టు కాలి, పెద్ద పల్చటి పిజ్జా వచ్చింది. షికాగోలో 1943లో ఊనో దుకాణం లోతైన పళ్లెంలో పిండి అద్ది దాని నిండా చీజ్, టమాట పోసింది. డెట్రాయిట్ కథ మనకు ఇంకా దగ్గరిది. అక్కడ 1946లో బడ్డీస్ అనే చోట కార్ల కర్మాగారాల్లో చిన్న సామాన్లు వేసుకునే ఉక్కు పళ్లేలను పిజ్జాకు వాడారు. పళ్లెం నలుచదరం కనుక పిజ్జా నలుచదరమైంది. ఉక్కు గోడకు ఆనిన చీజ్ వేగి గట్టిపడి, ఆ అంచు కోసమే జనం పోట్లాడుకునే స్థితి వచ్చింది. కార్ల ఊరు కాకపోతే ఆ పళ్లెం లేదు, ఆ పళ్లెం లేకపోతే ఆ అంచు లేదు.

ఏ ఊరి పిజ్జా గొప్పది అన్న వాదన పైకి ఊరి అభిమానంలా కనిపిస్తుంది. లోపల అది ఏ పాత్ర, ఏ నిప్పు అన్న లెక్క. మన తపాలచెక్క తగవూ అంతే. దాన్ని తేల్చాలంటే ముందు తపాలలోకి చూడాలి.

బియ్యప్పిండి కొంచెం బరకగా ఉండాలి. మరీ మెత్తటి పిండితో చేస్తే చెక్క బిగుసుకుపోతుంది. నానిన శనగపప్పు, నువ్వులు, వేయించి పలుకులుగా దంచిన పల్లీలు, కరివేపాకు, కొత్తిమీర, ఉల్లి, అల్లంవెల్లుల్లి, జీలకర్ర, కారం, ఉప్పు వేసి నీళ్లతో కలుపుతారు. వేడి నీళ్లతో కలిపితే ముద్ద బాగా కుదురుతుంది. గోధుమలో ఉండే సాగే గుణం బియ్యంలో లేదు. చపాతీ లెక్క కర్రతో ఒత్తబోతే పగులుతుంది. వేడి నీళ్లు తగిలితే బియ్యంలోని గంజి పదార్థం కొంత ఉడికి జిగురవుతుంది, ఆ జిగురే పిండిని పట్టి ఉంచుతుంది. అయినా చేత్తో అద్దాల్సిందే.

తపాల లోపల నూనె రాసి, ముద్దను అడుగున పెట్టి, వేళ్లతో అద్దుతూ గోడల మీదికి పాకిస్తారు. ఆ తర్వాత వేలితో చిల్లులు పెడతారు. చూసేవాళ్లకు అది అందానికి చేసినట్టు ఉంటుంది. ఆ చిల్లుల్లోంచే ఆవిరి పైకి పోతుంది, వాటిలో పోసిన నూనె చుక్క కిందికి దిగి అడుగును వేపుతుంది. చిల్లు లేకపోతే అడుగు మాడి నడుమ పచ్చిగా మిగులుతుంది. మూత పెడితే లోపలి ఆవిరి పైభాగాన్ని ఉడికిస్తుంది. అంటే ఒకే పాత్రలో అడుగు వేగుతుంటే పైన ఉడుకుతుంది. తిప్పి వేయాల్సిన పని లేదు. చివర్లో మూత తీసి, దానికి పట్టిన నీళ్లు తుడిచి, కాసేపు అట్లే ఉంచితే తడి ఆరి కరకర వస్తుంది.

పాత్ర అడుగు గుండ్రంగా ఉన్నందువల్ల చెక్క అంతటా ఒకే మందం ఉండదు. అడుగున నిప్పు నేరుగా తగిలి ఎర్రబడుతుంది. గోడ మీదికి పాకిన పిండి పల్చగా ఉండి విరుగుతుంది. అడుగు గోడగా మలిగే వంపు దగ్గర పిండి కొంచెం నిలిచి మెత్తగా మిగులుతుంది. ఒకే ముక్కలో మూడు రకాల కాలుడు. ఈ తిండిలోని గొప్పతనమంతా నా దృష్టిలో ఆ వంపులో ఉంది. చదును పెనం మీద ఎంత నేర్పుగా ఒత్తినా అది రాదు.

ఇప్పుడు సరుకుల వయసు చూద్దాం. నువ్వులు, శనగపప్పు, బియ్యం ఈ నేలకు చాలా పాతవి. మిరపకాయ, పల్లీ మాత్రం అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల కాలంలో మన దేశానికి వచ్చినవి. అంటే ఇవాళ మనం తినే తపాలచెక్క కాకతీయుల కాలంలో ఈ రూపంలో ఉండే వీలే లేదు. ప్రతాపరుద్రుడి వంటశాలలో ఎండుమిర్చి లేదు, పల్లీ లేదు. ఇటలీ వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. టమాట ఇటలీలో కనిపించినట్టు తొలి రాతపూర్వక ఆధారం 1548 నాటిది. ఎర్రటి పిజ్జా అంతకు తర్వాతిదే. ఏ తిండి అయినా అనాదిగా ఇట్లాగే ఉందని ఎవరన్నా అంటే ముందు దాంట్లో మిర్చి ఉందా, టమాట ఉందా అని అడగాలి. పల్లీ విషయంలో పాలమూరును తలవకుండా ఉండలేం. వనపర్తి, అచ్చంపేట, జడ్చర్ల చుట్టుపక్కల నేలలు తెలంగాణకు పల్లీల గాదె. తపాలచెక్కలో పంటికి తగిలే పలుకు చాలాసార్లు ఆ దిక్కుదే.

బియ్యం మాత్రం రామన్నపేటకు తేలిక సరుకు కాదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే.

నల్లగొండ ఎత్తు నేలల్లో భూమిని తరి, ఖుష్కి అని రెండుగా లెక్కించేవారు. చెరువో కాలువో పారే తరి కొద్దిగా, వాన మీద బతికే ఖుష్కి చెలక ఎక్కువగా ఉండేది. చెలకల్లో జొన్న, సజ్జ, ఆముదం. తరిలో వరి. కందూరు చోడుల కాలంలో పానగల్లులో ఉదయసముద్రం తవ్వించినా, కాకతీయుల నాటి చెరువులు ఊరూరా ఉన్నా, మూసీ మీద కత్వలు కట్టి కాలువలు తీసినా వరి ఆ తడి పట్టీలకే పరిమితమైంది. తరి ఉన్న ఇంట్లో అన్నం, లేని ఇంట్లో గటక. పండక్కి, పెళ్లికి, చుట్టం వస్తే అన్నం. వడ్లు దంచగా రాలిన నూకలు మాత్రం పనిచేసిన వాళ్ల ఇళ్లకు వచ్చేవి. ఆ నూకల్ని ఇసుర్రాయిలో విసిరితే వచ్చేది బరక పిండి. తపాలచెక్కకు కావాల్సింది సరిగ్గా అదే. బరక పిండే మేలు అన్న మాట వెనుక నూకల కాలం ఉందని నా అభిప్రాయం.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం ప్రభుత్వం లెవీ పేరుతో రైతుల నుంచి ధాన్యం వసూలు చేసింది. దొర గడీకి, సర్కారుకు కొలిచినాక ఇంట్లో మిగిలిందాంతోనే బతకాలి. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన 11వ ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు దానికి కదిలి వచ్చిన పల్లెలు ఇవే. గింజ కోసం మొదలైన కోపం ఆ తర్వాత సాయుధ పోరాటం దాకా పోయింది. ఆ సంగతి ఈ ధారావాహికలో ముందు చెప్పుకున్నదే కనుక ఇక్కడ ఆపుతాను.

1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరి సముద్రమయ్యాయి, రైస్ మిల్లులు లేచాయి. అప్పట్లో అదే నల్లగొండ జిల్లాలో ఉన్నా రామన్నపేటకు ఆ నీళ్లు ఎక్కలేదు. ఇక్కడి వాళ్ల పళ్లెంలోకి బియ్యం రోజూ వచ్చింది సాగర్ నీటి వల్ల కంటే 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మొదలుపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం వల్ల అని చెప్పాలి. ఆ వెంటనే బోర్లు పెరిగి చెలకల్లో కూడా వరి నాటడం మొదలైంది. కరెంటు గిర్నీలు ఊరూరా వచ్చి ఇసుర్రాయిని మూలకు నెట్టాయి. బియ్యప్పిండి ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికే సరుకైంది. పండగ తిండిగా, నూకల తిండిగా ఉన్న తపాలచెక్క వానపడ్డ ప్రతి సాయంత్రం చేసుకునే తిండిగా మారింది. జొన్నరొట్టె రోజువారీ పళ్లెంలోంచి తప్పుకున్న కాలమూ ఇదే. ఒకటి తగ్గుతుంటే ఒకటి పెరిగింది. జొన్న పోయినందుకు నాకు బాధే. కానీ ఆకలి తీరిన సంగతిని ఆ బాధ కింద దాచడం న్యాయం కాదు.

పాత్రల కథ కూడా ఇట్లాగే మారింది. పాత ఇళ్లల్లో ఇత్తడి తపాలలు ఉండేవి. ఇత్తడి బరువు, ఖరీదు, ఆడపిల్లకు సారెగా ఇచ్చే ఆస్తి. ఇప్పుడు చాలా ఇళ్లల్లో చెక్క ఒత్తేది సత్తు, అంటే అల్యూమినియం, తపాలలోనే. అల్యూమినియం మన దక్షిణాది వంటింట్లోకి వచ్చిన దారి ఆసక్తికరమైంది. 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ ఈ లోహంతో పాత్రలు చేయించడం మొదలుపెట్టాడు. తేలిక, చవక, త్వరగా వేడెక్కే గుణం వల్ల కొన్ని దశాబ్దాల్లో అది పేద ఇళ్లకు చేరింది. త్వరగా వేడెక్కేది త్వరగా మాడుస్తుంది కూడా. కనుక సత్తు తపాలకు సెగ ఇంకా తగ్గించాల్సి వచ్చింది. అడుగు మందంగా ఉన్న తపాల కోసం సంతలో చేత్తో తట్టి చూసే అలవాటు దాని వల్ల వచ్చిందే.

ఇంత రుచిగల తిండి వందల ఏళ్ల నేపుల్స్ పిజ్జాలాగా బజారుకు ఎందుకు రాలేదు? మిర్చిబజ్జీ వచ్చింది, దోశ వచ్చింది, ఇరానీ హోటల్లో సమోసా వచ్చింది. తపాలచెక్క మాత్రం వంటిల్లు దాటడానికి ఇటీవలి దాకా పట్టింది. మన తిండిని మనం చిన్నచూపు చూసుకున్నామన్న వాదన ఒకటుంది. అందులో కొంత నిజం ఉంది. అసలు కారణం మాత్రం పాత్రే.

నేపుల్స్ బట్టీలో పిజ్జా ఒకటిన్నర నిమిషంలో తయారవుతుంది. ఒకటి తీస్తే ఇంకొకటి పెట్టొచ్చు, బట్టీ చల్లారదు, చల్లారనవసరం లేదు. తపాలచెక్కకు సన్నటి సెగ మీద పావుగంట పడుతుంది. అది తీసినాక తపాల కాగిపోయి ఉంటుంది. కాగిన లోహం మీద చేత్తో పిండి అద్దలేం. నీళ్లలో ముంచి చల్లార్చి, తుడిచి, మళ్లీ నూనె రాసి, మళ్లీ ఒత్తాలి. అందుకే ఇళ్లల్లో రెండు మూడు తపాలలు పెట్టుకొని ఒకటి పొయ్యి మీద ఉండగా ఇంకోటి చల్లార్చుకుంటారు. నలుగురున్న ఇంటికి ఇది సరిపోతుంది. నిలబడి అడిగే నలభై మందికి సరిపోదు. దీన్ని అమ్మాలంటే ఎన్నో తపాలలు, ఎన్నో పొయ్యిలు, ఎన్నో చేతులు కావాలి. బజ్జీ బండివాడికి ఒక్క మూకుడు చాలు.

బజారుకు రాలేదు కనుక దీనికి సంఘం లేదు, కొలతల పుస్తకం లేదు, ఫలానా దుకాణం మొదటిది అని చెప్పే బోర్డు లేదు. 1889లో మార్గరీటా రాణి కోసం రఫేలే ఎస్పోసితో పిజ్జా చేశాడన్న కథ నేపుల్స్‌కు ఉంది. దాని రుజువుల్ని చరిత్రకారులు గట్టిగానే శంకించారు, అయినా ఆ కథ దుకాణాలకు పనికొచ్చింది. మన చెక్కకు రాణి లేదు. దీన్ని కనిపెట్టింది, మార్చింది, నిలబెట్టింది అంతా ఆడవాళ్లు. తల్లి దగ్గర నేర్చి అత్తగారింట్లో మార్చుకున్న వాళ్లు. జనగామ పిల్ల రామన్నపేటకు కోడలైతే పల్చటి చెక్క ఈ ఊరికి వస్తుంది. రామన్నపేట పిల్ల మోత్కూరుకు పోతే మందం అక్కడికి పోతుంది. ఊరి పద్ధతి అని మనం అనుకునేది నిజానికి రెండు మూడు తరాల పెళ్లిళ్ల లెక్క.

పొట్ట కోసం పోయినవాళ్లు ఇంకో దారి. రామన్నపేట మండలంలోని సిరిపురం చేనేత ఊరు. ఈ ప్రాంతపు పద్మశాలి కుటుంబాలు మగ్గాల కోసం షోలాపూర్, భివండి, సూరత్ పోయాయి. మహారాష్ట్రలో వాళ్లకు ఎదురైనది థాలీపీఠ్. వేయించిన పలు గింజల పిండిని చేత్తో తట్టి, నడుమ చిల్లు పెట్టి, నూనె చుక్క వేసి కాల్చేది. కన్నడ నేల మీద అక్కిరొట్టె ఉంది. బియ్యప్పిండి, ఉల్లి, మిర్చి, చల్లటి పెనానికే అద్ది పొయ్యి మీద పెట్టడం, రెండోదానికి పెనం చల్లార్చుకోవడం అక్కడా ఉన్నదే. దక్కన్ పీఠభూమి అంతటా సాగని పిండిని చేత్తో అద్ది, చిల్లు పెట్టి, నూనె దింపే పద్ధతి ఒకటుంది. దాంట్లో లోతైన పాత్రను ఎంచుకున్నది మనవాళ్లు. తక్కిన వాళ్ల పెనానికి లేని గోడ మన తపాలకు ఉంది.

1996లో ఢిల్లీలో డొమినోస్, బెంగళూరులో పిజ్జా హట్ తెరిచాక మన పిల్లలకు పిజ్జా తెలిసింది. 2014లో రాష్ట్రం వచ్చాక మన తిండి మనకు గర్వమైంది. ఆవిర్భావ వేడుకల దుకాణాల్లో, హైదరాబాద్ స్వగృహ ఫుడ్స్‌లో, కర్రీ పాయింట్లలో సర్వపిండి కనిపించసాగింది. అది బజారుకు వచ్చినందుకు నిండు మనసుతో సంతోషిస్తాను. కానీ వచ్చేటప్పుడు తపాలను ఇంట్లో వదిలేసి వచ్చింది. అమ్మేవాళ్లకు వేగం కావాలి, కనుక చదును పెనం, నాన్‌స్టిక్ పెనం. కొందరు నూనెలోనే వేయించేస్తున్నారు. అమెరికాలో ఉన్న మన పిల్లలదీ ఇదే ఇబ్బంది, అక్కడి చదును కరెంటు పొయ్యి మీద గుండ్రటి అడుగు నిలవదు. వాళ్లను తప్పుపట్టలేం. దుకాణం వాళ్లను మాత్రం అడగొచ్చు. డెట్రాయిట్ వాళ్లు ఉక్కు పళ్లెం వదల్లేదు, షికాగో వాళ్లు లోతు పళ్లెం వదల్లేదు. ఆ పళ్లేలే వాళ్ల ఊరికి పేరు తెచ్చాయి. ఒకే పొడవాటి గ్యాస్ పొయ్యి మీద పది తపాలలు వరుసగా పెట్టి, పక్కనే నీళ్ల తొట్టి పెట్టుకుంటే ఇది గిట్టుబాటయ్యే పనే. ముందు చెప్పి పెట్టుకున్నవాళ్లకు సాయంత్రానికి ఇచ్చే పద్ధతి పెడితే వేగం సమస్య కూడా సగం తీరుతుంది.

మరి ఏ ఊరిది మేలు? తప్పించుకోకుండా చెప్తాను. నా ఓటు రామన్నపేట, మోత్కూరు నడుమ ఊళ్లకు. మందం జనగామ దానికంటే కాస్త ఎక్కువ, నకిరేకల్ దానికంటే తక్కువ. ఉల్లిగడ్డ కాకుండా ఉల్లాకు, పచ్చిమిర్చితో పాటు కొద్దిగా ఎర్రకారం, అడుగు మందమున్న తపాల. ఆనపుకాయ తురుము వేసేవాళ్లతో నాకు పేచీ లేదు, కానీ అది నీరు వదిలి కరకరను తగ్గిస్తుంది కనుక వేసేవాళ్లు పిండిని గట్టిగా కలపాలి. వరంగల్, కరీంనగర్ వాళ్లు దీనికి ఒప్పుకోరని తెలుసు. వాళ్ల వాదన పంపితే అచ్చు వేస్తాం. ఒక్కటే షరతు, చెక్కను ఏ పాత్రలో ఒత్తారో ఉత్తరంలో రాయాలి.

(వచ్చే భాగం: ఆముదం చేలు, గానుగలు)